వంట ఎవరి వంతు? పాయిఖానా ఎవరి వంతు?

ఆగస్టు పదిహేను పొద్దున చాలా ఊళ్ల బడుల్లో ఒక వరస కనపడుద్ది. మెడలో స్కార్ఫు, నెత్తిన టోపీ, చేతిలో కర్ర. ఆ వరసలో ముందు నిలబడ్డది ఎవరు? యూనిఫారం కుట్టించగలిగిన ఇళ్ల పిల్లలు. గేటు దగ్గర నిలబడి చూస్తున్నది ఎవరు? మన వాడ పిల్లలు. జెండా ఎగురుద్ది, చాక్లెట్లు పంచుతారు, ఆ బట్టలు పెట్టెలోకి పోతాయి. మళ్లీ జనవరి ఇరవయ్యారుకి బయటికొస్తాయి. దీనికే స్కౌటింగు అని పేరు.

మేము దీన్ని స్కౌటింగు అనం. ఇందులో పిల్లల తప్పు లేదు. వాళ్లను నడిపే పెద్దోళ్లను ఎవరు తయారుచేస్తున్నారు, ఎవరిలోంచి తయారుచేస్తున్నారు, ఏం చెప్పి తయారుచేస్తున్నారు? తప్పు అక్కడుంది. ఉద్యమంలో ఉన్నోళ్లం ఇన్నేళ్లూ ఆ వైపు చూడకపోవడం మన తప్పు.

మేము బడిపంతుళ్లం. అమ్మానాయనలు వేలిముద్ర వేసిన చోట సంతకం పెట్టిన మొదటి తరం వాళ్లం. మాలో కొందరం స్కౌటు మాస్టర్ల శిక్షణకి పోయొచ్చాం. అక్కడ నేర్చుకున్నదీ చెప్తాం, అక్కడ మా మనసు కాలిందీ చెప్తాం.

ముందు ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. 1907లో ఇంగ్లండు దగ్గర బ్రౌన్‌సీ అనే దీవిలో బేడెన్ పవెల్ అనే సైన్యాధికారి పెట్టిన పిల్లల శిబిరంతో మొదలైంది. ఆ శిబిరంలో కలిగినోళ్ల బిడ్డల్నీ, కూలిజనం బిడ్డల్నీ కలిపి జట్లు కట్టారు. ఆ మాట గుర్తుపెట్టుకోవాలి. మన దేశానికి 1909లో బెంగుళూరులో వచ్చింది. అప్పుడు తెల్లోళ్ల పిల్లలకీ, ఆంగ్లో ఇండియన్ పిల్లలకీ మాత్రమే. మిగతా భారతీయుల పిల్లలకి ప్రవేశం లేదు. దాంతో 1916లో మద్రాసులో అనీబిసెంటు, అరండేల్ కలిసి మన దేశపు పిల్లలకి వేరే సంఘం పెట్టారు. ఉత్తరాదిన మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ సేవాసమితి స్కౌట్లను నడిపారు. ఇట్లాంటి సంఘాలు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది.

తెల్లోడు మన పిల్లలకి తలుపు మూశాడని ఆనాటి పెద్దలకి కోపమొచ్చింది. న్యాయమైన కోపమే. మరి ఊరు వాడకి మూసిన తలుపు సంగతేంది? ఆ తలుపు మీద కూడా అంత కోపం రావాలి కదా!

పెద్దోళ్లకి శిక్షణ అనేది 1919లో లండన్ పక్కన గిల్వెల్ పార్కులో మొదలైంది. పూర్తిచేసినోళ్లకి తోలు తాడుకి కట్టిన రెండు చెక్కపూసలు మెడలో వేస్తారు. మొదట్లో ఆ పూసలు ఎక్కడివో తెలుసా? ఆఫ్రికాలో జులూ రాజు దినుజులు హారంలోవని బేడెన్ పవెల్ చెప్పుకున్నారు. తెల్లోళ్ల చేతిలో ఓడిన ఒక నల్ల రాజు పూసలు ఇవాళ లోకమంతా శిక్షకుల మెడలో గుర్తుగా ఉన్నాయి. ఆ పూసలు వేసుకునేవాళ్లకి ఈ కథ చెప్పాలి. చెప్తే తల కొంచెం వంగుద్ది.

మన దగ్గర శిక్షణ మెట్లు ఇట్లా ఉంటాయి. మొదట వారం రోజుల బేసిక్ కోర్సు. తర్వాత కొంతకాలం పిల్లలతో పనిచెయ్యాలి. ఆపైన అడ్వాన్సు కోర్సు. చివరికి హిమాలయ ఉడ్ బ్యాడ్జి. దేశం మొత్తానికి మధ్యప్రదేశ్‌లో పచ్‌మఢీలో జాతీయ శిక్షణ కేంద్రం ఉంది. ఆడోళ్లయితే గైడ్ కెప్టెన్, మగోళ్లయితే స్కౌట్ మాస్టర్. ఇది జీతం లేని పని, మనసుండి చేసే పని.

ఈ మొత్తం పద్ధతికి గుండెకాయ పెట్రోల్. పెట్రోల్ అంటే బండిలో పోసేది కాదు, ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లల జట్టు. జట్టుకి ఒక నాయకుడు, పిల్లల్లోంచే. శిబిరంలో ఒక రోజు ఈ జట్టు వండుద్ది, ఆ జట్టు నీళ్లు మోస్తది, ఇంకో జట్టు పాయిఖానా గుంట తవ్వి శుభ్రం చేస్తది. మర్నాడు వంతులు మారతాయి. గోడకి ఒక కాయితం అంటిస్తారు, ఎవరి వంతు ఏందో అందులో ఉంటది.

ఆ కాయితం చిన్నదనుకోవద్దు. ఈ దేశంలో వేల ఏళ్లుగా వంతు మారని పని ఏదైనా ఉంటే అది పాయిఖానా పనే. మన చేతి వంట ఊరు తినదు, ఊరి పెంట మాత్రం మన చేతే ఎత్తిస్తది. ఆ కాయితాన్ని నిజాయితీగా అమలు చేస్తే వారం రోజుల్లో కులం నడ్డి మీద దెబ్బ పడుద్ది. ఎగ్గొడితే అదే శిబిరం కులానికి ఇంకో బడి అవుద్ది. తేడా అంతా కాయితం రాసే పెద్దోడి దగ్గరుంది.

మాకు జరిగింది చెప్తాం. కొన్నేళ్ల కిందట ఒక శిక్షణ శిబిరానికి పోయాం. మొదటి రోజు పేర్లు అడిగారు, ఇంటిపేర్లు అడిగారు, ఏ ఊరు, ఊళ్లో ఎక్కడ ఇల్లు అని అడిగారు. సాయంత్రానికి జట్లు కట్టారు. మా జట్టుకి పాయిఖానా గుంట పడింది. సరే, ఎవరికో ఒకరికి పడాల్సిందే గదా అనుకున్నాం. రెండో రోజూ మాకే. మూడో రోజూ మాకే. వంట జట్టు మారలేదు, మా జట్టూ మారలేదు. రాత్రి నెగడు చుట్టూ కూర్చున్నప్పుడు లేచి అడిగాం. "అలవాటున్నోళ్లకైతే పని తొందరగా అవుద్దని" అన్నాడు ఒక శిక్షకుడు. నవ్వుతూనే అన్నాడు. ఆయనకి అందులో తప్పేమీ కనపడలేదు.

మేము కొట్లాడలేదు. పుస్తకం తీసి వంతులు మారాలన్న పేజీ చూపించాం. శిబిరం పెద్దాయన చదివి, కాయితం చించి కొత్తది రాశాడు. ఐదో రోజు మా జట్టు పప్పూ అన్నం వండింది. ఇద్దరు ఆ రాత్రి అరటిపళ్లు తిని పడుకున్నారు. మిగతావాళ్లు తిన్నారు. ఆ ఇద్దరిలో ఒకాయన మర్నాడు మాతో కూర్చుని తిన్నాడు. రెండో ఆయన ఆఖరిదాకా తినలేదు. ఆయన కూడా శిక్షణ పొందిన స్కౌట్ మాస్టరుగానే తన బడికి పోయాడు. ఇప్పుడు ఆయన కింద పెరిగే పిల్లల సంగతి ఆలోచించండి.

స్కౌటు నియమాల్లో ప్రతి స్కౌటూ తోటి స్కౌటుకి తోబుట్టువని ఉంది. అది నోటితో అప్పజెప్పడం తేలిక. పక్కోడి చేతి కూడు తినడం కష్టం. శిక్షణలో పరీక్ష పెట్టాల్సింది రెండోదానికి.

ఇంకో రెండు సంగతులు. స్కౌట్లు ఎడమ చేత్తో కరచాలనం చేసుకుంటారు. మన దేశంలో ఎడమ చెయ్యి అంటే మైల చెయ్యి. ఆ చేతిని చాపి స్నేహం కలుపుకోవడమంటే మైల లేదని చెప్పడమే. ఏ శిక్షకుడైనా పిల్లలకి ఈ మాట విప్పి చెప్పాడా? రెండోది ప్రతిజ్ఞ. దైవం అన్న చోట ధర్మం అనే మాట వాడుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది. ఏ ధర్మం? మన పిల్లోడు ఆ మాట అనేటప్పుడు అది వర్ణధర్మం కాదని వాడికి తెలియాలి. మన వాడలో ఏసుని కొలిచే బిడ్డలున్నారు, పోలేరమ్మని కొలిచే బిడ్డలున్నారు, 1956లో అంబేడ్కర్ చూపిన బుద్ధుడి దారిలో నడిచే బిడ్డలున్నారు. అందరూ తలెత్తుకుని ప్రతిజ్ఞ చేసేట్టు చెప్పగలిగినోడే నాయకుడు.

మన సంఘాల్లో కొందరు అన్నలు అంటారు: ఖాకీ, సెల్యూటు, కర్ర, ఇదంతా దొరల వ్యవహారం, మనకెందుకు? అన్నా, అంబేడ్కర్ 1920లలోనే సమతా సైనిక్ దళ్ కట్టారు. క్రమశిక్షణ ఉన్న యువకులు లేకుండా ఉద్యమం నిలబడదని ఆయనకి తెలుసు. 1985 జులై 17న కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది. ఊరొదిలి చీరాల చేరిన జనం శిబిరంలో బతికారు. శిబిరం అనే మాట మనకి ఆటవిడుపు మాట కాదు. అంతమందికి కూడు, నీళ్లు, మందులు, కాపలా, లెక్క చూడాలంటే చెయ్యితిరిగిన మనుషులు కావాలి. ఆ చెయ్యి ఆపద రోజున తిరగదు, ముందే తిప్పాలి.

మన పిల్లలకి చేతనవుద్దా అనేవాళ్లకి ఒకటే జవాబు. 2014 మే 25న పదమూడేళ్ల గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు దళిత బిడ్డ సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్చుకుని, డార్జిలింగ్‌లో మంచులో నడవడం నేర్చుకుని పోయారు. ఆ కాళ్ల బలం అంతకుముందు నుంచీ ఉంది. కొత్తగా వచ్చింది నేర్పే పెద్దోళ్లు. అంతే తేడా.

ఇప్పుడు మన లోపం కూడా ఒప్పుకుందాం. మనం పిల్లలతో ఏం చేస్తున్నాం? ఏప్రిల్ పద్నాలుగున ఊరేగింపులో జెండా చేతికిచ్చి ఎండలో నడిపిస్తాం. రెండు గంటలు ఉపన్యాసాలు వినిపిస్తాం. ఈల ఊది అరుస్తాం. ఇది కూడా ఆగస్టు పదిహేను వరసే, రంగు మారిన వరస. శిక్షణలో మేము నేర్చుకున్న అన్నిటికన్నా పెద్ద పాఠం ఏందంటే, పెద్దోడు నోరు మూసుకోవడం. జట్టు నాయకుల కూటమిని కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. అందులో పిల్లలే మాట్లాడతారు, పిల్లలే తీర్మానిస్తారు. వాళ్లు పొయ్యి తప్పుగా పెడితే అన్నం మాడుద్ది. మాడనివ్వాలి. రెండోసారి సరిగ్గా పెడతారు. తరతరాలుగా మన తరఫున ఎవడో ఒకడు తీర్మానిస్తూనే ఉన్నాడు. మన పిల్లల విషయంలో మనమే ఆ పెత్తందారులం కాకూడదు.

నేర్పే విద్యలు కూడా మన బతుకులోంచే రావాలి. ముడులు నేర్పడానికి పుస్తకంలో బొమ్మే అక్కర్లేదు. పలుపు తాడు వేసే పాలేరు, మోకు పేనే తాత, తోలు కుట్టే మామ వాడలోనే ఉన్నారు. వాళ్లను పిలిచి గురువు స్థానంలో కూర్చోబెట్టండి. అన్ని కులాల పిల్లలూ వాళ్ల ముందు కింద కూర్చుని నేర్చుకోనీయండి. పత్తిచేలో పాము కరిస్తే కోత పెట్టొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు, మంత్రగాడి దగ్గరికి పోవద్దు. కరిచిన కాలు కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. కాలితే చల్లని నీళ్లు పొయ్యాలి. కాలవలో కొట్టుకుపోయేవాడి వెంట ఈతరాకుండా దూకొద్దు, తాడో చీరో విసరాలి. ఇవి వచ్చిన పదిమంది పిల్లలు వాడలో ఉంటే ఏడాదికి ఒక్క ప్రాణమైనా నిలబడుద్ది.

ఖర్చు సంగతి. యూనిఫారం లేకపోతే వరసలో నిలబెట్టం అనే మాస్టరు స్కౌటింగు చదవనట్టే. స్కార్ఫు ఒక ముక్క గుడ్డ, కర్ర వెదురు కర్ర. మిగతాది తర్వాత. మిరపకోతల రోజుల్లో పిల్లలు పనికి పోతారంటారా? మీటింగు పొద్దుగూకినాక పెట్టండి, బడి వేళకే పెట్టాలని ఎక్కడా లేదు. బడితో సంబంధం లేకుండా ఊళ్లోనే ఓపెన్ గ్రూపు పెట్టుకునే వీలు కూడా ఆ సంస్థ నిబంధనల్లో ఉంది. జిల్లా సంఘంలో నమోదు చేయించుకుంటే చాలు.

కాబట్టి మేము అడిగేవి, చెయ్యమనేవి ఇవి.

ఒకటి. బేసిక్ కోర్సులో అంటరానితనం గురించి ఒక పూట పాఠం ఉండాలి. రాజ్యాంగం పదిహేడో అధికరణం, 1989 అత్యాచారాల నిరోధక చట్టం శిక్షకులకి తెలిసుండాలి.

రెండు. వంతుల కాయితం రోజూ మారాలి. శిక్షకులు కూడా ఒకరోజు పాయిఖానా జట్టులో పనిచెయ్యాలి.

మూడు. పిల్లలతో ఏ పెద్దోడూ ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరుండాలి. ఆడపిల్లల శిబిరానికి ఆడ నాయకురాళ్లు ఉండాలి. 2012 పోక్సో చట్టం చదవని మనిషికి పిల్లల్ని అప్పజెప్పొద్దు. ఇది మన సంఘాలకీ వర్తిస్తది.

నాలుగు. ప్రతి వాడ నుంచీ ఇద్దర్ని, ఒక ఆడమనిషిని, ఒక మగమనిషిని, ఈ ఏడాది శిక్షణకి పంపుదాం. దారి ఖర్చు సంఘం పెట్టుకోవాలి. పోయేవాళ్లలో మాలలు, మాదిగలు, రెల్లి, డక్కలి అందరూ ఉండాలి. ఒక జట్టులో కలిసి వండుకోలేని మనం ఊరిని ఏం అడుగుతాం?

ఐదు. పోయినోళ్లు అక్కడ అవమానం జరిగితే దిగమింగి రావొద్దు, అలిగి మధ్యలో రావొద్దు. పుస్తకం తెరిచి అడగండి. మా అనుభవంలో ఆ పుస్తకం మన వైపే ఉంది.

వచ్చే ఆగస్టు పదిహేనుకి మన వాడ బిడ్డ వరసలో ఉండాలని మాత్రమే మేము అనట్లేదు. ఆ వరసని నడిపేవాళ్లలో మన అక్క ఒకతె, మన అన్న ఒకడు ఉండాలి. ఆ రోజు సాయంత్రం అందరూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని తినాలి. వండింది ఎవరని అడిగితే గోడ మీద కాయితం చూపించాలి.

జై భీమ్!