ఆలస్యం ఎవరిది?

"ఇంత ఆలస్యంగా తీసుకొస్తే మేమేం చేస్తాం? మీ ఏజెన్సీవాళ్లంతా ఇంతే. నాటుమందులన్నీ అయ్యాక, ప్రాణం మీదికొచ్చాక కిందికి దిగుతారు."

విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రి వరండాలో, స్ట్రెచరు మీద కూర్చుని రొప్పుతున్న నా భార్య ఎదుటే ఒక డాక్టరు నాతో అన్న మాట ఇది. ఆయన చెడ్డవాడు కాదు. ఆ రాత్రి రెండింటిదాకా ఆమె దగ్గరే ఉన్నాడు. అయినా ఆ మాటకు జవాబు చెప్పకుండా ఊరుకోలేను. అది ఆయనొక్కడి మాట కాదు. కింద నుంచి వచ్చే మేష్టరూ, ఆఫీసరూ, పేపరువాళ్లూ అందరూ అనే మాటే. అందుకే లెక్క చెబుతాను.

రాత్రి పదకొండుకి ఆమె లేచి కూర్చుంది. "బావా, ఊపిరాడ్డం నేదు. పడుకుంటే మరీ ఎక్కువవుతంది. గుండి దడదడలాడతంది" అంది. చెమటలు పట్టాయి, కాళ్లు వాచాయి. దగ్గితే పలచని నురగ. గోడకి ఆనించి, వెనక రెండు గొంగళ్లు చుట్టిపెట్టి, కాళ్లు కిందికి వేలాడేలా కూర్చోబెట్టాను. అలా కూర్చోబెట్టాలని నాకెవరూ నేర్పలేదు, ఆమె శరీరమే చెప్పింది. మా ఊళ్లో ఫోను పనిచెయ్యాలంటే చింతచెట్టు దిబ్బ ఎక్కాలి. ఎక్కితే ఆమె ఒంటరిది, ఎక్కకపోతే బండి రాదు. ఇలాంటి సమయంలో మొగుడు దగ్గరుండి ధైర్యం చెప్పాలంటారు. ఏ ధైర్యం చెప్పను? తమ్ముణ్ణి దిబ్బకి పంపి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. గెడ్డ పొంగి ఉంది. తెల్లారేదాకా దాటలేం.

మందు తెలిసిన ముసలాయన ఒకడున్నాడు మా ఊళ్లో. వచ్చాడు, మెడ నరాలు చూశాడు. "ఇది నాది కాదురా, కిందికి తీసుకుపో" అన్నాడు. నాటువైద్యం మీద నింద వేసేవాళ్లు ఈ మాట రాసుకోండి. ఆ రాత్రి మా దగ్గర సరైన సలహా ఇచ్చిన మొదటి వైద్యుడు ఆయనే.

తెల్లారి అయిదుకి డోలీ కట్టారు. పడుకోబెట్టిన రెండు నిమిషాలకే ఆమె పెదాలు నల్లబడ్డాయి. దుప్పట్లో మనిషి ముడుచుకుపోతుంది, గుండెజబ్బు మనిషికి అలా పడుకుంటే ఊపిరే అందదు. అప్పుడు మా పెద్దబావ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, రెండు వెదుళ్ల మధ్య తాళ్లతో బిగించాడు. ఏడు కిలోమీటర్లు నలుగురు చొప్పున మార్చుకుంటూ కూర్చోబెట్టే మోశారు. రోడ్డు చివర బండికోసం గంటన్నర. ఆరోగ్య కేంద్రంలో ఒక నర్సమ్మ చూడగానే నీరు లాగే ఇంజెక్షన్ ఇచ్చి, ఆక్సిజన్ పెట్టింది. గంటలో మనిషి మాట్లాడింది. కొద్ది రూపాయల మందు! అక్కణ్ణుంచి ఇంకో ఆసుపత్రి. ఎకో మిషను ఉంది, తీసేవాళ్లు లేరు. మళ్లీ బండి. పట్నం చేరేసరికి సాయంత్రం ఆరయింది.

పంతొమ్మిది గంటలు. అందులో మా నిర్లక్ష్యం ఎన్ని గంటలో ఆ డాక్టరుగారే తీసి చూపించాలి.

అసలు ఈ ఆలస్యం పంతొమ్మిది గంటలది కూడా కాదు, పద్దెనిమిదేళ్లది. ఎకోలో తేలింది ఏమిటంటే గుండె ఎడమవైపు కవాటం సన్నబడిపోయింది. కీళ్లవాత జ్వరం వల్ల వచ్చిందన్నారు. చిన్నప్పుడు గొంతునొప్పి వస్తుంది, ఒక రకం సూక్ష్మక్రిమి వల్ల. దానికి పెన్సిలిన్ పడితే అయిపోతుంది. పడకపోతే రెండు మూడు వారాలకి కొందరు పిల్లల్లో జ్వరం, మోకాళ్లు వాపు. అదే గుండెనీ పట్టుకుంటుంది. ఇది ఇరుకు గదుల్లో కిక్కిరిసి పడుకునే పిల్లల జబ్బు, పేదల జబ్బు. ఆమె పదకొండేళ్ల వయసులో ఆశ్రమ పాఠశాలలో చదివేది. మోకాళ్లు వాచి నెలరోజులు నడవలేకపోయింది. జ్వరం బిళ్లలిచ్చి ఇంటికి పంపేశారు. అప్పుడే పట్టుకుని మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది ఏళ్లతరబడి వేసి ఉంటే, కవాటం ఇంతలా పాడయ్యేది కాదేమో.

మా తప్పూ చెబుతాను, దాచను. రెండో కాన్పు తర్వాత ఆమె నీళ్లబిందె దించి దించి మధ్యలో కూర్చునేది. "రక్తం తక్కువ, ఆకుకూర తిను" అన్నాను నేను. మా అమ్మ ఇంకో మాట అంది, అది రాయను. ఆడమనిషి ఆయాసాన్ని బద్ధకం అనడం కిందివాళ్లే కాదు, మనమూ చేస్తున్నాం.

కానీ నా తెలివితక్కువతనం, ప్రభుత్వం తీరు ఒకే తక్కెడలో పెడితే ఒప్పుకోను. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పెట్టారు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్లో వెతకాల్సిన జబ్బుల పట్టికలో ఈ గుండెజబ్బు పేరు ఉంది. ఏడాదికోసారి బృందం బడికి రావాలి. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బు మీద తీర్మానమే చేసింది. మా పెద్దమ్మాయి ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలోనే ఉంది. "ఎవరైనా వచ్చి గుండె మీద ఆ గొట్టం పెట్టి విన్నారా?" అని అడిగాను. "బరువు చూసి వెళ్లిపోయారు నాన్నా" అంది.

కొండ ప్రాంతాలకి నిబంధన సడలించామని చెబుతారు. మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, మాకు 3,000 మందికి ఒకటి. అక్కడ 30,000 మందికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఇక్కడ 20,000కి. బాగుంది. కానీ లెక్క తలలదే. మధ్యలో గెడ్డ ఎన్నిసార్లు పొంగుతుందో ఆ లెక్కలో ఎక్కడుంది? 3,000 మంది ఎన్ని ఊళ్లలో, ఎన్ని కొండల మీద చెదిరి ఉన్నారు? గంటల్లో కొలవండి. ఊపిరాడని మనిషిని కూర్చోబెట్టి మోస్తే సూది దగ్గరికి ఎన్ని గంటలు, అదీ దూరం. ఆ సూది, ఆక్సిజన్ సిలిండరు, వాటిని వాడటం తెలిసిన ఒక మనిషి మా ఉపకేంద్రంలో ఉండాలి. హాస్టలు పిల్లల గుండెలు ఏటా వినాలి. ఇవేవీ కొత్త కోరికలు కావు, కాగితం మీద చాలావరకు ఇచ్చేసినవే.

మన రచయితలకీ ఒక మాట. డోలీ మీద మనం చాలా రాశాం, నేనూ రాశాను. పేపర్లలో ఫొటోలు వేయించాం. ఆ డోలీలో పడుకున్న మనిషికి ఏ జబ్బు, ఎందుకొచ్చింది, ఎన్నేళ్ల క్రితం ఎవరు వదిలేశారు అని అడిగామా? మోసేవాళ్ల భుజాల మీదే మన కళ్లు ఆగిపోయాయి. లోపల ఉన్నది నా భార్య అయ్యేదాకా నాకూ తట్టలేదు.

బెలూన్‌తో కవాటం వెడల్పు చేస్తామన్నారు. తేదీ వచ్చే నెల. ఈలోపు ఉప్పు తగ్గించి అంబలి, రోజూ నీరు లాగే బిళ్ల, రాత్రి గోడకి ఆనుకునే నిద్ర. ఆమె దగ్గితే నాకు మెలకువ వస్తుంది. "పడుకో బావా, బాగానే ఉన్నాను" అంటుంది. గెడ్డ ఇంకా తగ్గలేదు. పెద్దబావ కట్టిన కుర్చీకి తాళ్లు విప్పలేదు, చూరుకింద వేలాడుతోంది. పై ఊరివాళ్లు ఇప్పటికి రెండుసార్లు అడిగి తీసుకెళ్లారు.