వద్దన్న గుమ్మంలోకి మళ్ళీ వెళ్ళొచ్చా?

ఇంట్లో మ్యాచ్ మొదలైతే రిమోట్ మన చేతికి రాదు. అందుకే ఈసారి ఫుట్‌బాల్ కబురే.

డేవిడ్ మోయెస్ ఎవర్టన్ క్లబ్బుకు 2002 నుంచి పదకొండేళ్ళు మేనేజరు. మాంచెస్టర్ యునైటెడ్ పిలిస్తే వెళ్ళాడు, పది నెలలకే తీసేశారు. తర్వాత వెస్ట్‌హామ్ ఆరు నెలలకు పెట్టుకుంది. జట్టును కింది డివిజన్‌కు పడిపోకుండా కాపాడినా 2018లో పంపేసింది. 2019 డిసెంబరులో మళ్ళీ వాళ్ళే కబురు పెట్టారు. మనమైతే "అప్పుడు వద్దన్నారుగా" అని మూతి ముడుచుకుంటాం. ఆయన వెళ్ళాడు. 2023లో యూరోపా కాన్ఫరెన్స్ లీగ్ కప్పు తెచ్చాడు. 1980 తర్వాత ఆ క్లబ్బుకు అదే పెద్ద కప్పు.

2025 జనవరిలో ఎవర్టన్ కూడా పిలిచింది. అప్పటికి జట్టు 16వ స్థానంలో ఉంది. సీజన్ ముగిసేసరికి 13.

కష్టకాలంలో క్లబ్బుకు కొత్తవాళ్ళకు అన్నీ నేర్పే తీరిక ఉండదు, ఇల్లు తెలిసిన మనిషి కావాలి. ప్రతిసారీ కలిసొస్తుందనీ లేదు. మౌరీన్యో 2013లో చెల్సీకి తిరిగొచ్చి 2015లో లీగ్ గెలిపించాడు, అదే డిసెంబరులో ఉద్యోగం పోయింది.

పిల్లల కోసం మానేసిన ఆఫీసు మళ్ళీ పిలిస్తే "ఏ మొహం పెట్టుకుని వెళ్ళను" అనుకునేవాళ్ళు మనలో ఎందరో. మోయెస్‌ను చూడండి. వెస్ట్‌హామ్‌లో మొదట ఆరు నెలలు, రెండోసారి పద్దెనిమిది నెలలు, ఎవర్టన్‌లో రెండున్నరేళ్ళ ఒప్పందం. వెళ్ళండమ్మా, కానీ పాత జీతానికి మాత్రం ఒప్పుకోకండి.