పటం వేరు, పట్టిక వేరు

భూముల లెక్కలన్నీ కంప్యూటరుకెక్కినవి గనుక ఇక పంచాయితీలుండవని నమ్మే మిత్రులు మన కాలేజీలో ఉన్నారు. నేను నమ్మను. కంప్యూటరు మీద నాకేమీ కోపం లేదు. దానిలోకి ఎక్కించింది ఏమిటన్నదే నా తగాదా.

పహాణీ అంటే పట్టిక. సర్వే నంబరు, పట్టాదారు పేరు, విస్తీర్ణం, శిస్తు. ఇటువంటి పట్టికలకు 1970లో ఐ.బి.ఎం.లో ఉన్న ఎడ్గార్ కాడ్ గణితపు పునాది వేశాడు. అదే రిలేషనల్ డేటాబేసు. ఊళ్లో ఐదెకరాలు దాటినవారెవరని అడిగితే రెప్పపాటులో చెబుతుంది. 2020లో వచ్చిన ధరణి అయినా, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో వచ్చిన భూభారతి అయినా రైతుకు ముందుగా చూపేది ఈ పట్టికనే.

మా బాపు అడిగేవి వేరు. మన గెట్టుకు గెట్టు ఎవరు? చెలకలోకి బండి పోవాలంటే ఎవరి మీదుగా పోవాలె? పై తూము కట్టేస్తే మన దాకా నీళ్లొస్తయా? ఇవి ఒక వరుసలో దొరికే జవాబులు కావు. నిరుడు యాసంగిలో మా మైనరు చివర పొలాలు ఎండినప్పుడు ఎవరినడిగినా 'పైనుంచి వదిలినం' అన్నవారే. నీళ్లు ఎక్కడ ఆగినయో చూపే కాగితం ఒక్కరి దగ్గర లేదు.

శ్రీరాంసాగర్‌లో బయలుదేరిన కాకతీయ కాలువ 146 కిలోమీటర్లు నడిచి దిగువ మానేరు డ్యాముకు చేరుతుంది. దారి పొడుగునా డిస్ట్రిబ్యూటరీలు, వాటికి మైనర్లు, మైనర్లకు తూములు, తూములకు పిల్లకాలువలు. దీన్ని పట్టికలో రాయలేమని కాదు. ప్రతి తూముకు ఎదురుగా 'దీని పైది ఏది' అని ఒక గడి పెడితే సరి. కాని ఈ షట్టరు మూస్తే ఏ మళ్లు ఎండుతయని అడిగితే, యంత్రం ఆ పట్టికను దానితోనే మళ్లీ మళ్లీ జతచేసుకొంటూ పోవాలి. ఎన్నిసార్లో ముందు తెలియదు. గ్రాఫు డేటాబేసులో తూము ఒక బిందువు, కాలువ ఒక గీత. గీత పట్టుకొని దిగుతూ పోవడమే. మా ఊరి నీరటి చేసేది అచ్చంగా ఇదే, ఆయనకు డిగ్రీ లేదు గాని!

1736లో ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ ఏడు వంతెనల లెక్క తేల్చినప్పుడు పొడవులు, వంపులు విడిచిపెట్టి, ఏది దేనితో కలిసిందన్నదే ఉంచుకొన్నాడు. మనకూ గోదావరి ఉంది గదా. 2016 అక్టోబరు 11న జిల్లాలు ముక్కలైనప్పుడు ధర్మపురి జగిత్యాలకు, లక్సెట్టిపేట మంచిర్యాలకు పోయినవి. పట్టికలో జిల్లా గడి మారింది. రాయపట్నం వంతెన మాత్రం ఎక్కడిదక్కడే.

అట్లాగని పట్టికలను గోదావరిలో కలపమనను. గ్రాఫు పక్షంవారు కొంచెం అతి చేస్తారు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ చూడటానికి గ్రాఫే, కాని దాన్ని దాచింది పోస్ట్‌గ్రెస్ అనే రిలేషనల్ డేటాబేసులో. దారి వెతికేటప్పుడే అందులోంచి గ్రాఫు కట్టుకొంటారు. ఈ బావి ఏ సర్వే నంబరులో పడుతుందో తేల్చాలన్నా పోస్ట్‌గ్రెస్ వంటిదే మేలు.

భూభారతి చట్టం ప్రతి కమతానికి భూధార్ సంఖ్య ఇస్తామంటున్నది. మంచిదే. ఆ సంఖ్య పక్కన పేరూ విస్తీర్ణమూ రాసి ఊరుకొంటే మళ్లీ పహాణీయే అవుతుంది. దాని గెట్ల సంఖ్యలు, దానికి పోయే బాట, దానికి నీళ్లిచ్చే తూము కూడా కట్టాలి. వీటిని ఆఫీసులో కూర్చొని రాయలేరు, నడిచి రాయాలె. ఈ వేసవిలో మనలో నలుగురం ఒక మైనరు వెంట నడిచి తూములన్నీ రాసుకొస్తే గ్రాఫు నేను గీస్తాను. నీరటిని వెంట పిలువడం మాత్రం మరువవద్దు.