పేట్‌సే ఉన్న పిల్లకు చాట ఒక్కటే గతా?

మొన్న బోధన్ నుంచి ఒక చెల్లె ఫోన్ చేసింది. ఐదో నెల. డిగ్రీ అయింది, టైపింగ్ వచ్చు, ఉర్దూ తెలుగు రెండూ చదువుతుంది, రాస్తుంది. ఒక ప్రైవేట్ స్కూల్లో చిన్న పిల్లలకు చెప్పేది. కడుపు కనబడంగనే "డెలివరీ అయినంక చూద్దాం బేటీ, అప్పటిదాకా ఆరామ్ చెయ్" అన్నరట. ఎంత ముహబ్బతో చూడండి! నోటీసు లేదు, హిసాబ్ లేదు, ఆ నెల జీతం కూడా సగమే.

"బాజీ, నాలుగు నెలలకు ఏదన్న టెంపరరీ కామ్ ఉంటే చెప్పు. ఆయన ఆటో కిస్తీకే సరిపోతలేదు" అంది.

నేను నిజామాబాద్‌లో తెలిసిన నలుగురిని అడిగిన. బట్టల దుకాణం సేట్ "నిలబడే పని కదా, మాకెందుకు జిమ్మేదారీ" అన్నడు. జిరాక్స్ సెంటర్ ఆయన "పెండ్లి కాని పిల్ల ఉంటే చెప్పండి" అన్నడు. ఆఖరికి చెల్లె సాస్, ఖాలా, పక్కింటి ఆపా అందరూ కలిసి ఒకటే ఫైసలా చేసిన్రు: "బీడీలు చుట్టు. ఇంట్ల కూసోని చేసే పని. పర్దాకు పర్దా, పైసలకు పైసలు."

ఈ ఒక్క మాట మీదనే నాకు కోపం. "ఇంట్ల కూసోని చేసే పని" అన్న మాట మన జిల్లాలో ఎన్ని జులుమ్‌లను కప్పిపెట్టిందో చెప్పాలనే ఇది రాస్తున్న.

కూసోవడం అంటే ఏంటిదో చూడండి. తునికాకు నానబెట్టాలి, ఫర్మా పెట్టి కత్తిరించాలి. చాట ఒళ్లో పెట్టుకుని, మెడ వంచి, తంబాకు నింపి చుట్టాలి, దారం కట్టాలి. ఏడో నెలకు ఒళ్లో చాట పెట్టే జాగా ఉండదు. చాట మోకాళ్ల మీదికి జరుగుతది, నడుము ఇంకా వంగుతది. తంబాకు దుమ్ము ముక్కులో పోతది. అందులోని నికోటిన్ చేతుల చర్మంలోంచి కూడా ఒంట్లో దిగుతది. సిగరెట్ తాగే మొగుణ్ణి "హామిలా ముందర తాగకు" అని బయటికి పంపే అమ్మలే, అదే హామిలా ఒళ్లో తంబాకు చాట పెడుతున్నరు. ఇది ఆరామ్ అంటరా?

ఇంకో మాట అంటరు: "టెంపరరీ కదా, హక్కులు ఎక్కడివి?" ఇది అసలు ఝూట్. ఈ ఝూట్‌ను సేట్‌లు చెప్తే అర్థం ఉంది, వాళ్లకు ఫాయిదా. మనమే మన బిడ్డలకు చెప్పుకుంటున్నం.

కానూన్ ఏమంటదో వినండి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం ప్రకారం, కాన్పు తారీఖుకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేస్తే చాలు. పర్మినెంటా, టెంపరరీయా అని ఆ చట్టం అడగదు. 2017లో చేసిన మార్పుతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, ఆ తర్వాతి వాళ్లకు 12 వారాలు జీతంతో సెలవు. పదిమంది పనిచేసే దుకాణానికి కూడా ఇది వర్తిస్తది. కడుపుతో ఉన్నప్పుడు పనిలోంచి తీసేసినా, తీసెయ్యకుంటే రావాల్సిన ఆ పైసలు పోవు. ఢిల్లీ మున్సిపాలిటీలో మస్టర్ రోల్ మీద రోజుకూలీకి చేసే ఆడవాళ్ల కేసులో 2000లో సుప్రీంకోర్టు సాఫ్‌గా చెప్పింది, రోజుకూలీ అయినా ఈ హఖ్ ఉందని. 2023లో మరో కేసులో, కాంట్రాక్టు గడువు అయిపోయినా ప్రసూతి పైసలు ఆగవని చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టాలు పోయి లేబర్ కోడ్‌లు వచ్చినయి. వాటిలో కూడా 80 రోజులు 80 రోజులే, 26 వారాలు 26 వారాలే.

మరి ఇంట్లో బీడీలు చుట్టే ఆమె? 1966 బీడీ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవాళ్లకు కూడా ప్రసూతి హక్కు ఇచ్చింది. కానీ ఇచ్చిన చెయ్యితోనే కొంత గుంజుకుంది. మెడికల్ బోనస్ సెక్షన్, కాన్పు వల్ల బీమారీ వస్తే దొరికే అదనపు సెలవు సెక్షన్, ఈ రెండూ ఇంటి కార్మికులకు వర్తించవని అందులోనే రాసిన్రు. అంటే కార్ఖానాలో కూసుంటే బీమారీ వస్తది, ఇంట్లో కూసుంటే రాదన్నట్టు! యాభై ఏండ్లకు పైగా ఈ మాట అట్లనే ఉండె.

సరే, మిగిలిన హక్కన్నా దక్కుతదా? ఇక్కడే అసలు మతలబు. బీడీలు చుట్టేది కోడలు, పుస్తకం సాస్ పేరు మీద. లేకుంటే ఇద్దరు ముగ్గురు చుట్టినవి ఒకే కార్డు మీద ఎక్కుతయి. కొత్త పిల్లకు పీఎఫ్ నంబరు ఇయ్యడానికి కంపెనీకి మనసు రాదు. సట్టేదారు "తర్వాత చూద్దాం" అంటడు. ఆ పిల్ల ఏడాదంతా చుట్టినా కాగితం మీద ఒక్క రోజు కూడా పనిచేసినట్టు ఉండదు. 80 రోజులు కాదు, 800 రోజులు చుట్టినా సున్నా. చేతుల మీద తంబాకు మరక ఉంటది, దఫ్తర్‌లో నిషాన్ ఉండదు. తెలంగాణ సర్కార్ 2015లో బీడీ కార్మికులకు పింఛన్ మొదలుపెట్టినప్పుడు కూడా 2014 ఫిబ్రవరి 28 లోపు పీఎఫ్‌లో పేరు ఉండాలన్నరు. ఆ తారీఖు తర్వాత చాట పట్టిన పిల్లలే ఇయ్యాల తల్లులు అవుతున్నరు.

బోధన్ వాళ్లకు ఒకటి యాద్ చేస్తా. నిజాం జమానాలో 1937లో పెట్టిన షక్కర్ ఫ్యాక్టరీ ఈ ఊరికి నెలజీతం అంటే ఏందో నేర్పింది. శక్కర్‌నగర్ అన్న పేరే దాని నుంచి వచ్చింది. 2002లో ప్రైవేటు చేతికి ఇచ్చిన్రు, 2015 డిసెంబరు 23న లేఆఫ్ పెట్టి మూసిన్రు. ఆ గేటు తెరవాలని ధర్నాలు అయినయి, ఎలక్షన్ వాదాలు అయినయి. మంచిదే. కానీ మగాళ్ల పక్కా నౌకరీ పోయిన రోజు నుంచి ఆ ఇంటి బరువు ఎవరి ఒళ్లోకి జరిగింది? చాట ఉన్న ఒళ్లోకి. ఫ్యాక్టరీ మీద తఖ్‌రీర్ చేసిన ఒక్క లీడర్ నోట ఆ చాట మాట నేను వినలేదు.

షక్కర్ సంగతే ఇంకొకటి. సరిహద్దు దాటితే మహారాష్ట్ర. అక్కడి బీడ్ జిల్లాలో చెరుకు కొట్టే ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో గర్భసంచులు తీయించుకున్నరని 2019లో దేశమంతా తెలిసింది. నెలసరికి, కడుపుకు ఒక్క రోజు నాగా పెట్టినా ముఖద్దమ్ పైసలు కోస్తడు కాబట్టి. పనికి శరీరం అడ్డమైతే పనిని మార్చలేదు, శరీరాన్నే కోసిన్రు. మనది అంతదాకా పోలేదని తసల్లీ పడకండి. దారి అదే.

ఇగ మనవాళ్ల సంగతి. జుమ్మా ఖుత్బాలో మజ్‌దూర్ చెమట ఆరకముందే మజ్‌దూరీ ఇయ్యాలన్న హదీస్ వింటం, సుభానల్లాహ్ అంటం. బయటికొచ్చి మన దుకాణంలో, మన స్కూల్లో పేట్‌సే ఉన్న పిల్లను ఇంటికి పంపుతం. హామిలాకు రంజాన్ రోజాలోనే రుఖ్‌సత్ ఇచ్చిన దీన్ మనది. అల్లా రుఖ్‌సత్ ఇచ్చిన చోట సేట్ ఇయ్యడా? బీబీ మర్యమ్‌కు నొప్పులు వచ్చిన వేళ అల్లా ఖర్జూరం, నీళ్లు, తసల్లీ ఇచ్చిండని పిల్లలకు కథలు చెప్తం. మన ఇంటి మర్యమ్‌లకు ఇచ్చేది తునికాకు కట్ట.

సత్‌వాసా దావత్‌కు బిర్యానీ దేగ్ ఎక్కుతది. అదే పిల్ల తొమ్మిదో నెల దాకా కట్టలు కడుతది. కాన్పు అయితే నలభై రోజుల చిల్లా అంటం. కానూన్ కూడా కాన్పు తర్వాత ఆరు వారాలు పని చేయించొద్దంటది, లెక్క దాదాపు ఒకటే. కానీ పదిహేనో రోజు చాట ముందరికి వచ్చిన జచ్చాలను నేను కండ్లారా చూసిన.

కొందరు అంటరు: "ఇవన్నీ అడిగితే ఆ బీడీ పని కూడా పోతది." భయం నాకు తెలుసు. నెలలో సగం రోజులు కూడా ఆకు దొరకని ఇండ్లున్నయి. కానీ అడగని ఇన్నేండ్లలో పని పెరిగిందా? తగ్గుతనే ఉంది. చుప్ ఉన్నందుకు ఇనామ్ ఏం దొరకలేదు.

అందుకే సీదా మాట. చుట్టే పిల్ల పేరు మీదనే పుస్తకం కావాలి, సాస్ పేరు మీద కాదు. యూనియన్‌వాళ్లు రేటు అడిగే రోజు ఇది కూడా అడగాలి. దుకాణం సేట్, ఒక కుర్సీ వెయ్యి, పిల్ల కూసోని బిల్లులు రాస్తది. స్కూల్ నడిపే జనాబ్, ఐదో నెల పిల్ల పాఠం చెప్పలేనంత బీమార్ కాదు. మస్జిద్ కమిటీలు జకాత్ లెక్కలో ఒక ఖానా తెరవండి. ముస్తహిఖ్ అయిన హామిలాకు ఆరు నెలల రేషన్ అందితే ఆ చాట ఒళ్లోంచి దిగుతది. ఇది ఎహ్‌సాన్ కాదు, హఖ్.

ఆ చెల్లె నిన్న మళ్లీ ఫోన్ చేసింది. "బాజీ, చాట తెచ్చుకున్న" అంది. నేనేం చెప్పాలె? "పుస్తకం ఎవరి పేరు మీద?" అని అడిగిన. కొంచెం సేపు చుప్. తర్వాత, "సాస్ పేరు మీద" అంది.

రేపు బోధన్ పోతున్న. ముందుగాల ఆ సట్టేదారు ఇంటికే.