ఫ్లైఓవర్లకు బాండ్లు, ఉర్దూ బడులకు అద్దె గదులు

2018 ఫిబ్రవరిలో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ రహదారులు, ఫ్లైఓవర్ల కోసం బాండ్లు జారీ చేసి 200 కోట్ల రూపాయలు సమీకరించింది. అదే ఏడాది ఆగస్టులో అమరావతి నిర్మాణానికి 2,000 కోట్ల బాండ్లు అమ్ముడయ్యాయి. ఈ రెండు అప్పులకూ పౌరుల ఓటు ఎవరూ అడగలేదు. అప్పు తీర్చవలసింది మాత్రం ప్రజాధనంతోనే. పాతబస్తీలో అద్దె ఇళ్లలో, ఒకే కప్పు కింద రెండు మూడుగా సర్దుకున్న ఉర్దూ మాధ్యమ బడుల మాట ఎత్తితే మాత్రం నిధుల కొరత గుర్తుకు వస్తుంది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో బడి భవనాలకు బాండ్లు జారీ చేయాలంటే ఓటర్ల ముందుకు వెళ్లాలి. 2024 నవంబరులో అక్కడి ఓటర్లు 1,000 కోట్ల డాలర్ల పాఠశాల బాండ్లను ఆమోదించారు. స్థానిక పాఠశాల జిల్లా తన బాండ్లను 55 శాతం ఓట్లతో నెగ్గించుకోవాలంటే ఏయే పనులు చేస్తుందో ముందే జాబితా ప్రకటించాలి. పౌరుల పర్యవేక్షక సంఘాన్ని నియమించాలి. ఏటా ఆడిట్ జరిపించాలి. 2000లో ఓటర్లే ఆమోదించిన నిబంధనలివి.

వడ్డీ అప్పును మేము సమర్థిస్తున్నామా అని మన కుటుంబాలు అడగవచ్చు. లేదు. మేము కోరుతున్నది అప్పును కాదు, ఆ అప్పుకు ముందు పెట్టిన షరతులను: జాబితా, సమ్మతి, లెక్క.

ఓటు ఒక్కటే అల్పసంఖ్యాకులను కాపాడుతుందన్న భ్రమ కూడా మాకు లేదు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద మెక్సికన్ అమెరికన్ల ప్రాంతం ఉంది. అక్కడి ఆస్తుల విలువ తక్కువ, పన్ను రాబడి తక్కువ, కనుక బడులూ శిథిలమే. 1968లో విద్యార్థులు తరగతులు బహిష్కరించారు, తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో వారి వాదనను తోసిపుచ్చింది. విద్య అక్కడి సమాఖ్య రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నది.

మన రాజ్యాంగంలో అది హక్కే. 21ఎ అధికరణ 6 నుంచి 14 ఏళ్ల ప్రతి బిడ్డకూ ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక హక్కుగా ఇచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి ఉపాధ్యాయునికి ఒక తరగతి గది, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, ప్రహరీ ఉండాలన్నది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలన్నది. ఆ కమిటీ తయారుచేసిన అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వ గ్రాంట్లకు ఆధారం కావాలని 22వ సెక్షన్ శాసించింది. అంటే కాలిఫోర్నియా ఓటరు చేతిలో ఉన్న జాబితా, చట్టం ప్రకారం మన చేతిలోనూ ఉంది. దానిని రాయించేవారే లేరు.

ఫలితం చూడండి. 2022లో తెలంగాణ ప్రభుత్వం 7,289 కోట్లతో 'మన ఊరు మన బడి' ప్రకటించింది. విద్యార్థులు ఎక్కువగా ఉన్న బడులకు తొలి విడతలో చోటిచ్చింది. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కాని ఇరుకు గదుల బడిలో పిల్లల సంఖ్య ఎలా పెరుగుతుంది? అద్దె ఇంటికి ప్రభుత్వం కొత్త గది ఎలా కడుతుంది? గది లేక పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గారని గది రాదు. ఈ విషవలయంలో ఉర్దూ బడి మూతపడితే 'ఆదరణ లేదు' అని మన మీదే నింద వేస్తారు.

కనుక మా డిమాండ్లు స్పష్టం. ప్రతి ఉర్దూ మాధ్యమ ప్రభుత్వ పాఠశాల సొంత భవనంలో ఉందో, అద్దె భవనంలో ఉందో, గదులెన్నో, మరుగుదొడ్లెన్నో మండలాల వారీగా ప్రకటించాలి. అద్దె బడులకు ముందుగా స్థలం కేటాయించాలి. విద్యార్థుల సంఖ్యను కాక, లోటును కొలమానంగా తీసుకోవాలి. ఖర్చు లెక్కలను బడి గోడ మీద తెలుగులోనూ ఉర్దూలోనూ అంటించాలి.

ఇవి అడగవలసింది మనమే. హైదరాబాదులోనైనా, కర్నూలులోనైనా, కడపలోనైనా మన పిల్లల బడికి వెళ్లి యాజమాన్య కమిటీ ప్రణాళిక చూపించమని అడుగుదాం. లేదంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదాం. తల్లులు కమిటీలో కూర్చుని, కావలసిన గదుల లెక్క రాసి సంతకం చేసిన నాడు, నిధులు లేవన్న జవాబును ప్రభుత్వం కూడా రాతపూర్వకంగానే ఇవ్వవలసి వస్తుంది.