తిండిపోతు అను నింద

ఇరువది యేండ్ల క్రిందటి మాట. ఇంటర్మీడియేటు తరగతిలో బకాసుర వధ చెప్పుచుంటిని. ఒక బండెడు అన్నము, రెండు దున్నపోతులు, ఆ బండిని తోలుకొనివచ్చిన మనుష్యుడు: ఇది ఏకచక్రపురవాసులు బకునకు చెల్లించుచు వచ్చిన కప్పము. ఆ పట్టిక చదివి, ముందు బల్లపై కూర్చున్న యొక లావుపాటి పిల్లవానివైపు చూచి, "మనవాడైతే బండిని కూడా వదలడు" అంటిని. తరగతి యంతయు నవ్వినది. వాడును నవ్వినాడు. పాఠము రక్తికట్టినదని నేను సంతోషించితిని.

పది దినములైన పిమ్మట వాని తల్లి నన్ను వెదకుకొని వచ్చినది. "మావాడు మధ్యాహ్నం కేరేజీ మూత తియ్యకుండా తిరిగి తెస్తున్నాడండీ. అడిగితే ఆకలి లేదంటాడు. క్లాసులో ఏమైనా జరిగిందా మాస్టారూ?" అని అడిగినది. నాకు నోట మాట రాలేదు. ఆమెయే మరల, "చూడ్డానికి అట్లా ఉంటాడు గానీ, ఇంట్లో వాళ్ళన్న తినేదాంట్లో సగం కూడా తినడండీ" అన్నది.

అప్పుడు ఆ పిల్లవాని దినచర్య యడిగి తెలిసికొంటిని. తెల్లవారుజామున 5.30కు ఏమియు తినక ట్యూషనుకు పోవును. దారిలో బేకరీ పఫ్ ఒకటి. పదకొండు గంటలకు బిస్కెట్ల పొట్లము. నా పుణ్యమా యని మధ్యాహ్న భోజనము అప్పటికి లేదు గనుక, సాయంకాలము రెండు సమోసాలు, ఒక కూల్‌డ్రింకు. మరల ట్యూషను. రాత్రి పది దాటిన పిదప అన్నము. అర్ధరాత్రి వఱకు పుస్తకము. పగలంతయు బల్లమీదనే. వానిని పిలిచి నా మాటకు మన్నింపు మని యడుగవలసినది, అడుగలేదు. మఱునాటి నుండి కొంచెము మెత్తగా మాటలాడితిని, అంతే.

స్థూలకాయము ప్రబలుచున్నదని అందఱును అనుచున్నారు. కారణ మడిగినచో, "తిండి మీద అదుపు లేదు" అను సమాధానము సిద్ధముగా నుండును. నాకా సమాధానముపై నమ్మకము పోయినది. ఒక్క తరములో ఇన్ని కోట్ల మంది నిగ్రహము ఒక్కసారి సడలిపోవుట సంభవము కాదు. మారినవి మన చుట్టు నున్న తిండి, దానిని తిను వేళ, తిన్నదానిని అరిగించు పని.

మన భాష ఈ విషయమున విచిత్రముగా నడచినది. సన్నబడినవానిని చూచి "చిక్కిపోయినావు" అని జాలిపడుదుము. "కాస్త ఒళ్ళు చేసినావు" అనుట నిన్నమొన్నటి వఱకు మెప్పు. పసిబిడ్డ బొద్దుగా నుండవలెను. అల్లుడు మారు వడ్డించుకొనక లేచినచో అత్తగారికి చిన్నతనము. ఇవి కఱవు నెఱిగిన నేల నేర్చుకొన్న మాటలు. 1876-78 నాటి ధాత కఱవు రాయలసీమను పీల్చి పిప్పి చేసినది. బకింగ్‌హాం కాలువలో కొంత భాగమును త్రవ్వినవారు ఆ కఱవున కూలికై వచ్చిన జనమే. అట్టి చోట ఒంటి మీది కొవ్వు ఇంటిలోని గాదె వంటిది. తిండిపోతు అను తిట్టుకును ఆ కఱవే పుట్టినిల్లని నా యూహ. అందఱకును చాలని చోట ఒక ముద్ద యెక్కువ తిన్నవాడు తక్కినవారి ముద్ద తిన్నవాడు. కఱవు పోయినది, నింద మాత్రము మిగిలినది. లావుగా నున్నవాడు ఎవరి సొమ్మో తిన్నట్లు చూచెదము.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఒక కొలత పెట్టుకొన్నది. కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గముతో భాగింపగా వచ్చిన సంఖ్య 25 గాని, అంతకు మించి గాని యున్నచో అది అధిక బరువు. 160 సెంటీమీటర్ల ఎత్తు గల వ్యక్తికి 64 కిలోలు హద్దు అన్నమాట. ఈ లెక్కను 2015-16లో దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో అధిక బరువు గలవారు 20.6 శాతము, 2019-21 నాటికి 24.0 శాతము. ఆంధ్రప్రదేశమున అదే కాలములో 33.2 నుండి 36.3కు పెరిగినది. తెలంగాణమున 2019-21లో 30.1. అన్నపూర్ణ యని మనము పిలుచుకొన్న సీమ దేశపు సగటును ఎంతగా దాటిపోయినదో చూడుడు. ఆ సర్వేలోనే మఱియొక అంకె యున్నది. దేశమున ఆ వయస్సు స్త్రీలలో 57.0 శాతమునకు రక్తహీనత. ఒంట కొవ్వు చేరుచున్నది, రక్తమున ఇనుము చాలకున్నది. పలువురు స్త్రీలలో ఈ రెండును ఒకే యొంట నుండకతప్పదు. దీనిని తిండి యెక్కువగుట అని యెట్లనగలము?

అన్నపు మాట యెత్తినాము గనుక బియ్యము సంగతి. తెల్లని సన్నన్నము మనకు ఎప్పటినుండియో గౌరవచిహ్నము. శ్రీనాథుని పేర ప్రచారములో నున్న చాటువులు పల్నాటి జొన్నకూటిని ఎంత హేళన చేసినవో తెలుగు విద్యార్థులకు తెలియును. కవిసార్వభౌముడు పరిహసించిన ఆ జొన్నను నేడు వైద్యులు మందు వలె వ్రాసి యిచ్చుచున్నారు. రోకటితో దంచిన బియ్యమునకు పైపొర కొంత మిగిలియుండెడిది. మరలు వచ్చిన పిమ్మట అది తవుడుగా పోయి, పశువుల తొట్టి చేరినది. ఆ తెల్లదనపు ఫలమును మొదట అనుభవించినవారిలో తెలుగువారు కలరు. ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధి వేళ్ళూనినది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ ఆ వ్యాధిని పరిశోధించుటకు నెలకొల్పిన చిన్న విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. ఆనాడు తెల్లబియ్యము వలన నరములు చచ్చుపడినవి. ఈనాడు అదే బియ్యము కుర్చీలో కూర్చున్నవాని కడుపున వేగముగా చక్కెరయై, ఖర్చు గాక, నడుము చుట్టును చేరుచున్నది.

1983లో వచ్చిన కిలో 2 రూపాయల బియ్యము పథకమును నేను తప్పుపట్టను. రాత్రిపూట పస్తు పడుకొనిన యిండ్లను నే నెఱుగుదును. జొన్న, సజ్జ, రాగి తిను మెట్టసీమలకు కూడ తెల్లబియ్యమే దినభోజన మగుటకు అది త్రోవ చూపినదనుట మాత్రము కాదనరానిది. కంచములో అన్నము కొండవలె నుండి, పప్పును కూరయు దాని మీద బొట్టు వలె నుండు అలవాటు, పొలములో దినమంతయు వంగి లేచినవానికి చెల్లినది.

బియ్యము కన్న పెద్ద దోషి వేఱొకటి కలదు. దానిని మనము చిరుతిండి యని ముద్దుగా పిలుచుచున్నాము. ఏకాదశినాడు అన్నము మాని పండ్లు తినుట ఫలాహారము. అది వాడుకలో పలహారమై, ఇడ్లీలకును అట్లకును పేరై, తుదకు టిఫినై, మూడవ భోజనముగా స్థిరపడినది. చిరుతిండి చరిత్ర యింతకన్న విపరీతము. పూర్వము దానికొక సహజమైన కట్టు ఉండెడిది. అది చేయువారి చేతినొప్పి. అరిసెలు వండవలెనన్నచో బియ్యము నానబోసి, దంచి, జల్లించి, పాకము పట్టి, నలుగురు స్త్రీలు ఒక పూట శ్రమపడవలెను. అందుచేత అవి సంక్రాంతికే వచ్చెడివి. (అరిసె ఆరోగ్యకరమని నేను వాదించుట లేదు. బెల్లము, బియ్యపుపిండి, నూనె కలసినదానికి ఆ బిరుదు ఇయ్యజాలను.) నేడు 5 రూపాయలకు చేతినొప్పి లేని సంక్రాంతి ప్రతిదినమును, ప్రతి గంటయు దొరకుచున్నది. 100 గ్రాముల చిప్సులో 30 గ్రాములకు మించి నూనె. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో 25 గ్రాములకు మించి చక్కెర, అనగా అయిదారు చెంచాలు. కాఫీలో అంత చక్కెర వేసి యిచ్చినచో ఎవడును త్రాగడు. చల్లదనమును పులుపును కలసి నాలుకను ఏమార్చును.

ఇది నిగ్రహమునకు సంబంధించిన విషయము కాదనుటకు ఒక చక్కని ప్రయోగము కలదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో కెవిన్ హాల్ అను శాస్త్రజ్ఞుడు 20 మందిని నాలుగు వారములు తన పర్యవేక్షణలో నుంచుకొని, వారికి రెండు వారములు కర్మాగారపు తిండిని, రెండు వారములు వంటయింటి తిండిని పెట్టినాడు. వడ్డించిన రెంటియందును కెలోరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానము. కోరినంత తినవచ్చును. 2019లో ఫలితము ప్రకటించినాడు. కర్మాగారపు తిండి పెట్టిన దినములలో వారు దినమునకు సుమారు 500 కెలోరీలు అధికముగా తినినారు, రెండు వారములలో దాదాపు ఒక కిలో బరువు పెరిగినారు. రెండవ తిండికి మారినప్పుడు ఇంచుమించు అంతే తగ్గినారు. తినినవారు ఆ యిరువది మందియే. పదునైదవ దినమున వారికి నిగ్రహము పుట్టినదందుమా? మెత్తని తిండిని వారు వడివడిగా తినినట్లు కూడ ఆ పరిశోధనలో తేలినది. కడుపు నిండినదను వార్త మెదడునకు చేరులోపల పొట్లము ఖాళీ యగును.

ఈ తిండి పట్టణములకే పరిమిత మనుకొనుట పొరపాటు. 2022-23 నాటి గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారము పల్లెకుటుంబపు ఖర్చులో పానీయములు, తయారుగా కొన్న తినుబండారములు కలసి 9.62 శాతము, ధాన్యములపై ఖర్చు 4.91 శాతము. చౌకధరల బియ్యము వలన రెండవ అంకె తగ్గినమాట నిజమే, మొదటి దానిలో హోటలు భోజనమును టీయు చేరినమాటయు నిజమే. అయినను ధాన్యముల ఖర్చునకు దాదాపు రెండింతలు పొట్లములకును సీసాలకును గ్లాసులకును పోవుట మన తాతలు ఊహింపని సంగతి.

చరకసంహిత సూత్రస్థానమున ఒక అధ్యాయములో లోకము నిందించు ఎనిమిది విధముల శరీరములు చెప్పబడినవి. వానిలో అతిస్థూలుడొకడు. స్థౌల్యమునకు అతిగా తినుట, తీపియు నేయియు గల బరువైన ఆహారము, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర, నిత్యసంతోషము, చింత లేకుండుట మున్నగునవి కారణములని చెప్పి, తుదకు బీజస్వభావమును కూడ చేర్చినాడు. తల్లిదండ్రుల నుండి సంక్రమించునది కొంత కలదని ఆ ప్రాచీనుడు ఒప్పుకొన్నాడు, మనము ఒప్పుకొనము.

ఆ పట్టికను మన విద్యార్థులకు అన్వయించి చూడుడు. పగటినిద్ర వారికెక్కడిది? రాత్రినిద్రయే లేదు. చింత లేకుండుట యందురా, పదవ తరగతి దాటినది మొదలు వారికి ర్యాంకు తప్ప వేఱు చింతనము లేదు. చరకుడు చెప్పని తలక్రిందుల కారణములు ఇప్పుడు పనిచేయుచున్నవి. నిద్ర తక్కువైనవానికి ఆకలి హెచ్చునని, తీపి మీదికి మనస్సు పోవునని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. తెల్లవారుజామున లేపి, రాత్రి పదింటి వఱకు గదిలో కూర్చుండబెట్టు వసతి కళాశాలలు మన రెండు రాష్ట్రములలోను ఎన్ని లేవు? అపార్ట్‌మెంటులో నడుచు కళాశాలకు ఆటస్థల మెక్కడిది? డ్రిల్లు పీరియడును లెక్కల మాస్టరుకు ఇచ్చివేయు పాఠశాలలు ఎన్ని? పిల్లవానిని రెండేండ్లు బల్లకు కట్టివేసి, వాడు లావైనాడని వానినే నిందించుట మన న్యాయము. వెక్కిరింపునకు గుఱియైన పిల్లలు సన్నబడకపోగా మఱింత లావగుచున్నారని పరిశీలనలు తెలుపుచున్నవి. నా తరగతిలోని పిల్లవాని సాయంకాలపు సమోసాలలో ఒకటి నా హాస్యము వలన వచ్చినదే యని నేను నమ్ముచున్నాను.

నియమములు లేవని కాదు. కొవ్వు, ఉప్పు, చక్కెర అధికముగా గల పదార్థములను పాఠశాల ఆవరణలో గాని, దాని ద్వారమునకు 50 మీటర్లలోపల గాని అమ్మరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో నిబంధన చేసినది. సి.బి.ఎస్.ఇ. వారు 2025లో తమ పాఠశాలలను చక్కెర పరిమితిని తెలుపు బోర్డులు పెట్టుడని ఆదేశించినారు. బోర్డు గోడమీద నున్నది, పొట్లము గేటువద్ద నున్నది.

మొన్న ఒకనాటి సాయంకాలము మా వీధిలోని ఉన్నత పాఠశాల ద్వారము నుండి ఎదుటి దుకాణము వఱకు అంగలు లెక్కించుచు నడచితిని. 28 అయినవి. దుకాణపు చూరునుండి రంగురంగుల పొట్లములు పెండ్లిపందిరి తోరణముల వలె వ్రేలాడుచున్నవి. దుకాణదారుడు నన్ను చూచి, "ఏంటి కొలుస్తున్నారు మాస్టారూ?" అన్నాడు. చెప్పితిని. అతడు కోపపడలేదు. "ఉడకబెట్టిన శనగలు, పల్లీలు నేనూ పెట్టాను మాస్టారూ, రెండేళ్ళు. సాయంత్రానికి మిగిలినవి పారబోసుకునేవాణ్ణి. ఇవి ఆరు నెలలైనా ఇట్లాగే ఉంటాయి" అని ఒక పొట్లమును తోరణము నుండి త్రుంచి, ఎదుట నిలిచిన పిల్లవాని చేతిలో పెట్టినాడు.