ఒక్క గ్లాసు చాలదు

బాన్సువాడ చుట్టుపక్కల ఏ బడిలోనైనా జీవశాస్త్రం రికార్డులు తిరగేయండి. ద్రవాభిసరణ పేజీలో ఒకే బొమ్మ కనిపిస్తుంది. మధ్యలో గుంత తీసిన ఆలుగడ్డ, గుంతలో చక్కెర ద్రావణం, కింద పళ్లెంలో మామూలు నీళ్లు, మట్టం గుర్తుకు ఒక గుండుసూది. చివర్న "నిరూపించడమైనది" అని ఎర్ర సిరాతో గీత. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఈ బొమ్మలు దిద్దుతూనే ఉన్నాను. ఆలుగడ్డను ముట్టకుండా గీసినవి వీటిలో బోలెడు. ఇంటర్‌కు వెళ్లాక 30 మార్కుల ప్రాక్టికల్స్‌లోనూ మళ్లీ అదే ఆలుగడ్డ, అదే గుండుసూది.

బొమ్మ తప్పని కాదు. ఆ ప్రయోగం అడిగే ప్రశ్నే మరీ చిన్నది. నీళ్లు లోపలికి పోతాయా, పోవా? పోతాయి. అయిపోయింది. వరి పండించే ఇంట్లో పుట్టిన పిల్లకు కావాల్సిన ప్రశ్న వేరే ఉంది: బయట గాఢత ఎంతకు చేరితే నీళ్లు లోపలికి పోవడం మాని బయటికి రావడం మొదలుపెడతాయి?

దానికి ఐదు గ్లాసులు కావాలి. మా పిల్లలు ఒక్కో గ్లాసులో పావు లీటరుకు కాస్త తక్కువగా, 200 మిల్లీలీటర్ల ద్రావణం తయారు చేస్తారు. మొదటి దాంట్లో ఉత్త నీళ్లు. మిగతా వాటిలో వరసగా 10, 20, 30, 40 గ్రాముల చక్కెర. తొక్క తీసిన ఆలుగడ్డను స్కేలు పెట్టి ఐదు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, తూచి, భోజనం బెల్లుకు ముందు గ్లాసుల్లో వేస్తారు. చివరి పీరియడ్‌లో తీసి, పాత నూలుగుడ్డతో తడి అద్ది, మళ్లీ తూస్తారు. ఈ అద్దడం దగ్గరే సగం గొడవలు. ఒకరు గట్టిగా పిండుతారు, ఇంకొకరు ముట్టీ ముట్టనట్టు అద్దుతారు. లెక్కలన్నీ తారుమారు.

ఉత్త నీళ్లలోని ముక్క బిర్రుగా తయారై, వంచితే టక్కున విరుగుతుంది. చివరి గ్లాసులోది వేలికి చుట్టుకునేంత మెత్తబడుతుంది. బరువు నూటికి ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి గీత కలిపితే, ఆ గీత సున్నాను ఎక్కడో ఒకచోట దాటుతుంది. మాకు తరచుగా లీటరుకు వంద గ్రాముల చక్కెరకు అటూ ఇటూ దాటుతుంది. అక్కడ లోపలా బయటా సరిసమానం. సూక్ష్మదర్శిని లేకుండానే ఆలుగడ్డ కణాల లోపలి గాఢతను చివరి పీరియడ్‌లో పిల్లలు కొలిచేశారన్నమాట.

ఒక జట్టుకు 90 వచ్చి, పక్క జట్టుకు 115 వస్తే నాకు సంబరం. ఎందుకో వెతకాలి కదా. జహీరాబాద్ వైపు పొలంలోంచి నేరుగా వచ్చిన గడ్డ వేరు, కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉన్న గడ్డ వేరు. చలికి పిండిపదార్థంలో కొంత చక్కెరగా మారి లోపలి గాఢత పెరుగుతుంది. రికార్డులో అందరికీ ఒకే జవాబు ఉండాలని పట్టుబట్టే పద్ధతిలో ఈ వెతుకులాటకు చోటు లేదు.

తర్వాత చక్కెర బదులు ఉప్పు ఇస్తాను. వంద గ్రాముల చక్కెర చేసిన పనిని తొమ్మిది, పది గ్రాముల ఉప్పు చేసేస్తుంది. పిల్లలు నమ్మరు. కాలువ కింద క్యాంపు నుంచి వచ్చే ఒకమ్మాయి మాత్రం, "మా అమ్మమ్మ మాగాయ ముక్కల మీద ఉప్పు చల్లితే ఊట ఊరికే వస్తది టీచర్" అంది. ఇక్కడ లెక్కకొచ్చేది బరువు కాదు, కణికల సంఖ్య. ఉప్పు నీళ్లలో రెండుగా విడిపోతుంది. ఈ లెక్క పాతదే. వృక్షశాస్త్రవేత్త ఫెఫర్ 1877లో చక్కెర ద్రావణాల ద్రవాభిసరణ పీడనం కొలిచి ప్రకటించాడు. ఆ అంకెల మీద సూత్రం కట్టిన వాంట్ హాఫ్‌కే 1901లో రసాయనశాస్త్రంలో తొలి నోబెల్ దక్కింది.

ఇక యూరియా. 2025 వానాకాలంలో సంచి కోసం రాష్ట్రమంతా రైతులు బారులు తీరారు. సంచి దొరకనప్పుడు మాట పిచికారీ మీదికి మళ్లుతుంది. పిచికారీ అంటే గాఢత. సాధారణంగా చెప్పేది రెండు శాతం, అంటే లీటరుకు 20 గ్రాములు. కణికల లెక్కన అది లీటరుకు 114 గ్రాముల చక్కెరతో సమానం, మా గ్రాఫులో గీత సున్నాను దాటిన చోటికి ఎంతో దూరం లేదు. పదహారు లీటర్ల పంపుకు 320 గ్రాములు పడాలి. తూచకుండా "పంపుకు ఇన్ని పిడికిళ్లు" అని వేస్తే ఎటు పోతుందో గ్రాఫు చూసిన పిల్లకు అర్థమవుతుంది. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మీది బొట్టు ఆరేకొద్దీ ఇంకా చిక్కబడుతుందనీ తనే చెబుతుంది. ఆకు మాడడానికి ద్రవాభిసరణ ఒక్కటే కారణం కాదు. లోపలికి చొరబడిన యూరియా ఎక్కువైనా ఆకుకు విషమే. అయినా రెండింటికీ మందు ఒకటే, తూకం.

సిలబస్ అవ్వదని, పీరియడ్లు చాలవని తోటి టీచర్లు అంటారు. నిజమే. అయితే చూసి గీసే బొమ్మలు నాలుగు మానేస్తే ఈ ఒక్కదానికి సమయం చిక్కుతుంది. కొన్ని వందల రూపాయల డిజిటల్ తూకం బడికొకటి ఇస్తే చాలు. పక్కనే రుద్రూరులో చెరకు, వరి పరిశోధన స్థానం ఉంది. ఏడాదికోసారి అక్కడి శాస్త్రవేత్త ఒకరు వచ్చి ఈ గ్రాఫుల ముందు కూర్చుంటే పిల్లలే ప్రశ్నలు వేస్తారు. ప్రాక్టికల్ పరీక్షలో బొమ్మ అడగడం ఆపి, బల్ల మీద ఒక ఆలుగడ్డ, చక్కెర పొట్లం, తూకం పెట్టి, దాని లోపలి గాఢత ఎంతో చెప్పమనండి. జవాబుకు రెండు మార్కులు, ఆ జవాబు ఎలా తేలిందో చూపించే పట్టికకు ఎనిమిది.